రహీము మాస్టారి పోలీసు జట్టు

గత మాసమున ఈ పుటలలో చింతపండు నిలువచేయు విధమును వ్రాసితిమి. ఈ మాసమున బూడిదగుమ్మడి వడియములను గూర్చి వ్రాసెదమని సోదరీమణులకు మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నాము; క్షమింప వేడెదము. మా యింట ఒక బంతి వచ్చిపడుటచే వడియములు వెనుకబడినవి.

జరిగిన సంగతి యిది. మా పెద్దవాడు పదవ తరగతి చదువుచున్నాడు. పరీక్షలు కాగానే వానిని విశాఖపట్టణమునకో విజయవాడకో పంపి, తెల్లవారుజామున లేపి రాత్రి పదింటిదాక చదివించు కళాశాలలో వేయవలెనని బంధువు లందఱును తీర్మానించిరి. వాడు మాత్రము ఫుట్‌బాలు ఆడెదనని కూర్చున్నాడు. ఆట కూడు పెట్టునా యని మేమడిగితిమి. అందుకు వాడు, "అమ్మా, హైదరాబాదులో ఒక స్కూలు మాస్టారు ఆ ఆటతోనే కానిస్టేబుళ్లను ఒలింపిక్సు దాకా తీసుకెళ్లాడు, నీకు తెలుసా?" అని మమ్ము తిరిగి ప్రశ్నించెను. 2024లో వచ్చిన 'మైదాన్' అను హిందీ చిత్రమును తండ్రి సెల్‌ఫోనులో చూచియున్నాడట. మాస్టారు అను మాట చెవిని బడగానే మాకు ఆసక్తి కలిగినది. మేమును ఒక మాస్టారి యిల్లాలమే గదా! వానికి బదులు చెప్పుటకైనను ఆ కథ తెలిసికొనవలెనని పట్టుబట్టి, దొరికినంతవఱకు చదివితిమి. మా వారి నడిగి తెలియని మాటలకు అర్థములు చెప్పించుకొంటిమి. ఆ సంగతులే యిక్కడ వ్రాయుచున్నాము. పిల్లవానికి బదులు మాత్రము ఇంకను చెప్పలేదు.

మా నర్సీపట్నపు ప్రాంతమున పోలీసనగా పెద్దలకు జ్ఞప్తికి వచ్చునది ఆట గాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా పడి తుపాకులు పట్టుకొనిపోయిరి. ఆ మీదట రెండేండ్లు ఈ మన్యమంతయు పోలీసు పటాలములతో నిండిపోయినది. నేటికిని మా వీథిలో అన్నము తినని పిల్లలకు చెప్పు మాట "పోలీసును పిలుస్తాను" అనియే. అట్టి చోట, పోలీసు కానిస్టేబుళ్లు పదునొకండుగురు బంతి వెంట పరుగెత్తి దేశమంతట పేరు గడించిరని చెప్పగా మా అత్తగారు నమ్మలేదు. "బంతి ఎవరైనా దొంగిలించారేమో, దాని వెంట పడ్డారు" అనిరి.

జట్టు పేరు హైదరాబాదు సిటీ పోలీసు. నిజాము ప్రభుత్వ కాలముననే పుట్టినది. ఆటకై కూలి పుచ్చుకొనక, వేఱు కొలువు చేసికొని బ్రదుకుచు ఆడువారిని ఆ కాలమున అమెచ్యూరు లనుచుండిరి. అట్టివారికే గాని ఒలింపిక్ క్రీడలలో ప్రవేశము లేదు. పోలీసు జట్టువారి కొలువు పోలీసు కొలువు, జీతమును ఆ కొలువు జీతమే. ఆటకు వేఱుగా మూటలు ముట్టినవారు కారు.

ఈ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. రోవర్సు పోటీ ఆంగ్లేయులు పెట్టుకొన్నది. డ్యూరాండు కప్పు అంతకంటెను పాతది. 1888లో సిమ్లాలో మొదలైనది. దానిని 1950, 1954, 1957లలో గెలిచిరి. 1950లో వారు ఓడించినది కలకత్తాలో పేరుమోసిన మోహన్ బగాను జట్టును. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరున 1961లో మరల డ్యూరాండు గెలిచిరి. హైదరాబాదు రాష్ట్రపు జట్టు సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో రెండేండ్లు చేజిక్కించుకొన్నది. కప్పుల జాబితా యింతటితో చాలింతుము. గిన్నెల లెక్క మనకు వంటయింటనే చాలినంత గలదు.

ఒక కప్పును ఐదేండ్లు వరుసగా గెలుచుట యెంతటి సంగతియో మాకు మొదట తోచలేదు. మా వారు, "పదవ తరగతిలో ఒకే పాఠశాలకు ఐదేండ్లు వరుసగా జిల్లా మొదటి స్థానము వచ్చుట ఎప్పుడైన విన్నావా?" అనిరి. అప్పుడు తెలిసినది.

ఇక మాస్టారి కథ. సయ్యద్ అబ్దుల్ రహీముగారు 1909లో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాటు మున్నగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయులుగా నుండిరి. వ్యాయామవిద్యలోను శిక్షణ పొందిరి. తామును ఆటగాండ్రే, ఖమర్ క్లబ్బు తరఫున ఆడిన దినములు గలవు. 1950లో పోలీసు జట్టునకు గురువై 1963లో కన్నుమూయువఱకు ఆ పని విడువలేదు. హైదరాబాదువారు రహీం సాబ్ అనుచుండిరి. మేము మాస్టారనియే వ్రాయుదుము. మాకు ఆ పిలుపే దగ్గఱ.

ఆటగాండ్రను మైదానమున నిలుపు పద్ధతులలో ఆయన తెచ్చిన మార్పులను గూర్చి చాల వ్రాసియున్నారు. అది మా బుద్ధికి అందునది గాదు. మమ్ము పట్టి కుదిపినది వేఱొకటి. చిన్నవాండ్రకై మాస్టారు రెండు వింత పోటీలు నడపిరి. ఒకదానిలో బంతిని కాలితో త్రోసికొనుచు ఒంటరిగా పోరాదు. అందిన వెంటనే తోటివానికి అందీయవలెను. రెండవదానిలో ఎవనికి ఏ కాలు వాటమో ఆ కాలితో బంతిని తన్నరాదు. చేతగాని కాలితోనే ఆడవలెను.

ఈ రెండవ పోటీ సంగతి చదివినప్పుడు ముందు నవ్వు వచ్చినది. పిదప చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. మన యిండ్లలో ఎడమ యనిన ఎంత చులుకన! ఎడమచేత ఇచ్చినది పుచ్చుకొనము. ఎడమచేత వడ్డించిన విస్తరి ముందునుండి లేచిపోవు పెద్దలను మేమెఱుగుదుము. మా చిన్నతమ్ముడు పుట్టుకతో ఎడమచేతి వాటమువాడు. పలక పట్టిన నాటినుండి వాని ఎడమచేతి మణికట్టుపై దెబ్బలు పడుచునే యుండెడివి. కొట్టినవారిలో మేమును ఒకరము. పెద్దక్క లము గదా, అధికారము మాది యనుకొంటిమి. వాడు కుడిచేత వ్రాయ నేర్చెను గాని ఆ వ్రాత నేటికిని వంకరయే. ఒక చేతిని బాగుచేయబోయి రెండవదానిని చెఱచితిమి. అదే కాలమునకు ముందు, అదే తెలుగు నేలమీద, ఒక మాస్టారు చేతగాని కాలికి బెత్తము చూపక ఒక పోటీ పెట్టెను. రెండు కాళ్లును వచ్చినవాడు ఏ వైపున నిలిపినను ఆడగలడు. ఎదుటివాడు వాని కుడిప్రక్కను కాచుకొని యుండగా వాడు ఎడమప్రక్కనుండి సాగిపోవును. ఇది చదివి తమ్మునికి ఒక ఉత్తరము వ్రాసితిమి. అందేమి వ్రాసితిమో ఇక్కడ చెప్పము.

గురువు, బంతి అనగానే చదువుకొన్న సోదరీమణులకు ఆదిపర్వము జ్ఞప్తికి రాకపోదు. కురుకుమారులు ఊరి వెలుపల ఆడుచుండగా వారి బంగారుబంతి నూతిలో పడినది. తీయలేక గుమిగూడి చూచుచున్న రాచబిడ్డలకు బాణము వెంట బాణము నాటి దానిని పైకి తీసియిచ్చినవాడు ద్రోణుడు. కొడుకునకు పాలు పోయింపలేని పేదబ్రాహ్మణుడు. ఆ బంతి మూలముననే భీష్ముని కొలువున గురువైనాడు. మా నాయనగారు మాకీ ఘట్టము చెప్పినప్పుడు విలువిద్యను మెచ్చుకొనుచు చెప్పిరి. పెండ్లియై మాస్టారి యింటికి వచ్చిన పిదప మాకు ఆ పాల సంగతియే ముందు జ్ఞప్తికి వచ్చుచుండును. ద్రోణునికి దొరికినది రాజకుమారులు. రహీము మాస్టారికి దొరికినది కానిస్టేబుళ్లు, పేటలలోని పేదపిల్లలు. వారిని ఏకలవ్యులను చేసి వ్రేలు అడుగలేదు. రెండవ కాలు కూడ ఇచ్చి పంపిరి.

భారతదేశపు జట్టును తీర్చినదియు ఆయనయే. 1951లో దిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఒక గోలుతో ఓడించి బంగారు పతకము పొందిరి. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్సున యుగోస్లావియా చేతిలో ఒకటికి పది గోలులతో ఓడిరి. ఆ చలిదేశమున మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ మీదట బూట్లు లేనిదే ఆడరాదని నియమము వచ్చినది. పోలీసు జట్టువారైన నూర్ మహమ్మదు, అజీజుద్దీను అను వారిద్దఱు ఆ ఓటమిలోను ఉండిరి. 1956లో మెల్బోర్నున ఆస్ట్రేలియాను రెండింటికి నాలుగు గోలులతో ఓడించి భారతదేశము నాలుగవ స్థానమునకు చేరినప్పుడును ఉండిరి. ఒలింపిక్సున మన ఫుట్‌బాలు అంతకంటె పైకి ఎన్నడును పోలేదు.

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో ఆసియా క్రీడల తుదియాట. మైదానము చుట్టును కూర్చున్న లక్షమంది మనవారికి విరోధముగా కేకలు వేయుచుండిరి. దక్షిణ కొరియాను ఒకటికి రెండు గోలులతో గెలిచిరి. ఆనాడు ఆడిన పదునొకండుగురిలో ముగ్గురు మన హైదరాబాదు, సికింద్రాబాదుల నుండి వచ్చినవారు: గోలు కాచిన థంగరాజు, బలరాము, యూసుఫ్ ఖాను. మాస్టారి ఊపిరితిత్తులను అప్పటికే క్యాన్సరు తినివేయుచుండెను. 1963 జూను 11వ తేదీన మరణించిరి. ఏబది మూడేండ్లు.

తులసీదాసు బలరాముగారిని గూర్చి రెండు మాటలు చెప్పక సాగలేము. సికింద్రాబాదు శివారున అమ్ముగూడ అను పల్లెలో 1936లో జన్మించిరి. పేదయిల్లు. చెప్పులు కుట్టువానిచేత పాత పోలీసు బూట్లను బాగుచేయించుకొని వానితో ఆడ మొదలుపెట్టినట్లు ముసలితనమున తామే చెప్పుకొనిరి. రైడర్సు అను క్లబ్బునకు ఆడుచుండగా మాస్టారి కంట బడి, ఇరువది యేండ్లకే మెల్బోర్ను చేరిరి. ఆ దినములలో సికింద్రాబాదు చుట్టును మార్నింగ్ స్టారు, ఫ్రెండ్స్ యూనియను మొదలైన చిన్న క్లబ్బులుండెడివి. థంగరాజు అట్టి క్లబ్బులలో ఆడియే సైన్యమునకు పోయిరి. పోలీసు జట్టు పెద్దచెఱువైనచో ఇవి దానికి నీరు తెచ్చు కాలువలు. బలరాము 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాలు క్లబ్బునకు పోయిరి. జబ్బుపడి ఇరువదియేడవ యేటనే ఆట మానవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలోనే గతించిరి.

ఆటగాండ్ర పేర్లు, గోలుల లెక్కలు, కప్పుల పేర్లు అన్నియు గ్రంథములలో నున్నవి. బురదతో ఇల్లు చేరిన బట్టలు ఎవరుతికిరో ఎక్కడను లేదు. నెలాఖరున మాస్టారి యింట పొయ్యి ఎట్లు వెలుగునో మాకు తెలియును. సాయంకాలము పాఠశాల ముగించి వచ్చు మనిషి నేరుగా మైదానమునకు పోవునపుడు, ఇంట దీపము పెట్టి ఎదురుచూచువారు ఒకరుందురు. ఆ ఎదురుచూపునకు కప్పు లేదు. ఇది ఫిర్యాదు గాదు. లెక్క పూర్తిచేయుటకై వ్రాసితిమి.

అట్టి జట్టు ఎట్లు మాసిపోయినదని మా పిల్లవాడడిగెను. ఒకరోజున ఒకరు తలుపు మూసినది గాదు. చిలుకువారు లేని యింట కవ్వము గోడకు వ్రేలాడుచు ఎండిపోవునట్లు ఎండిపోయినది. కలకత్తా క్లబ్బులు మంచి ఆటగాండ్రను ఒక్కొక్కరినే పిలుచుకొనిపోయినవి. మహమ్మదు హబీబు, నయీముద్దీను మొదలైనవారు పేరు తెచ్చుకొన్నది అక్కడనే. 1970లో బ్యాంకాకున కంచుపతకము తెచ్చిన భారతజట్టునకు నాయకుడు మన నయీముద్దీను. ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాలుకు దొరికిన కడపటి పతకమదియే. 1977లో పేలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టుపై మోహన్ బగాను తరఫున గోలు వేసినవారిలో హబీబు ఒకరు. పోవుటలో వారి తప్పేమి? కడుపుకూడు ఎక్కడ దొరికిన అక్కడకు పోక తప్పదు. కాని పోయినవారి చోట నిలుపుటకు క్రొత్తవారిని తయారుచేయు మాస్టారు 1963లోనే పోయిరి. చేతగాని కాలి పోటీ పెట్టువారు మరల పుట్టలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరున సంతోష్ ట్రోఫీ ఒకమారు వచ్చినది, అదే కడపటిది. తరువాత పిల్లల చేతులలోనికి క్రికెట్టు బ్యాటులు వచ్చినవి. ఖాళీస్థలములలో ఇండ్లు లేచినవి.

హైదరాబాదున గోషామహలు అను పోలీసు మైదానము గలదు. పేరులోనే ఘోషా ఉన్నది. స్త్రీలు పరులకంట బడకుండుటకు కట్టిన పాతనగరు పేరది. 2025 జనవరి 31వ తేదీన అక్కడ ఉస్మానియా ఆసుపత్రికి క్రొత్త భవనములు కట్టుటకు శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి వద్దని ఎవరనగలరు? బిడ్డలను కన్నవారము, రోగులను కాచినవారము, మేమనలేము. అయినను మైదానమును మాత్రమే ఖాళీస్థలమందుము. ఇది మాకు నచ్చదు. మా ఊరిలోనే ఒక పాఠశాల ఆవరణలో పిల్లలు పరుగెత్తు చోట గదులు కట్టిరి. గదులు కావలసినవే. ఇప్పుడు ఆటల గంటలో పిల్లలు ఆ గదులలో కూర్చుండి లెక్కలు చేయుచున్నారు.

డబ్బుతో జట్టు నిలుచునని ఎవరైన అనుకొన్నచో, 2019లో హైదరాబాదున పుట్టిన హైదరాబాదు ఎఫ్.సి. అను క్లబ్బు కథ వినవలెను. జీతములిచ్చి దేశదేశముల ఆటగాండ్రను తెచ్చిరి. 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచిరి. మూడేండ్లు గడవకముందే చిక్కులలో పడినది. 2025లో పేరు మార్చుకొని దిల్లీకి తరలిపోయినది. పోలీసు జట్టు అంతకంటె ఎక్కువకాలమే నిలిచినది.

ఆడపిల్లల మాట మఱవలేదు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య నేడు భారతదేశపు స్త్రీల జట్టులో ఆడుచున్నది. ఇది విని మా చిన్నది తనకును బంతి కావలెనన్నది. అత్తగారు మావైపు చూచిరి. మేము గోడవైపు చూచితిమి.

బంతి యింట అడుగుపెట్టిన నాడు అత్తగారు తోలు తగిలినదని మడినీళ్లు మరల తోడించిరి. ఇప్పటి బంతులు తోలువి కావు, ప్లాస్టిక్కు జాతివేనని పిల్లవాడు నచ్చజెప్పగా వసారాలో ఒక మూల చోటిచ్చిరి. మొన్న చినుకులు పడినప్పుడు దానిని తడవకుండ లోపలికి దొర్లించినవారు వారే. చేతితో గాదు, చేతికఱ్ఱతో.

మాస్టారి రెండవ పోటీ సంగతి మా పెద్దవానికి మేమే చెప్పితిమి. ఆ సాయంకాలమునుండి వాడు పెరటిగోడకు ఎడమకాలితో బంతి కొట్టుచున్నాడు. మొదటి దినమున బంతి కరివేపచెట్టునకు తగిలినది, బావిగట్టుకు తగిలినది, ఆరవేసిన చీరలకు తగిలినది, గోడకు తగులలేదు. మా వారు నోట్సులు దిద్దుకొనుచు కిటికీలోనుండి చూచుచుండిరి. పది నిమిషములు చూచి, కలము మూసి, ధోవతి పైకి చెక్కుకొని పెరటిలోనికి దిగిరి. పదునారేండ్ల కాపురమున ఆయన బంతి తన్నగా మేము చూచుట అదే మొదలు. బాగుగానే తన్నిరి. కాలేజీలో ఆడెడివారట; మాకెన్నడును చెప్పలేదు.

కళాశాలవారు ముందు రుసుము ఈ నెల ఇరువదవ తేదీలోపల కట్టుమన్నారు. ఆ రూకలు బీరువాలో పట్టుచీర మడతలో నున్నవి. ఇది వ్రాయుచుండగా పెరటిగోడ చప్పుడు వినబడుచున్నది. అది కుడికాలి దెబ్బయో ఎడమకాలి దెబ్బయో చప్పుడునుబట్టి మేమిప్పుడు చెప్పగలము. వడియములు వచ్చు మాసమున.